గోడ ఎవరి చుట్టూ? సోలార్ ప్లేట్ల సుంకాలపై మహబూబ్‌నగర్ స్టూడియోలో గంట చర్చ

2026 జూన్‌కు ముందు మా లోకల్ ఛానల్‌లో ఈ చర్చ ప్రసారమైన రాత్రి నుంచి ఫోన్లు ఆగలేదు. "అందరూ ఒకేసారి మాట్లాడారు, ఎవరు ఏమన్నారో తెలియలేదు, రాసి పెట్టండి" అని అడిగారు. రికార్డింగ్ పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని దించాను. పేర్లు తీసేసి, ఎవరు చేసే పనిని బట్టి వారిని గుర్తుపట్టేలా రాశాను. మాటలు సర్దలేదు. మా ఇంటి మీద కూడా ప్లేట్లు బిగించుకోవాలని అనుకుంటున్నాను కాబట్టి ఈ ముచ్చట నాకు ఊరికే వార్త కాదు. కొందరి మాటలు ఎక్కువగా, కొందరివి తక్కువగా కనిపిస్తాయి. స్టూడియోలో జరిగింది అదే.

మోడరేటర్: అందరికీ నమస్కారం. సోలార్ ప్లేటు లోపల కరెంటు పుట్టించే సెల్ కూడా కేంద్రం ఆమోదించిన లిస్టులోనిదే ఉండాలని 2026 జూన్ 1 తేదీ పెట్టారు. కొందరు ఫ్యాక్టరీల వాళ్ళు తేదీ పొడిగించాలంటున్నారు. కొందరు వద్దంటున్నారు. బయటి సరుకు మీద సుంకాలు, ఈ లిస్టులు మన ఫ్యాక్టరీలను నిలబెడుతున్నాయా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంకా ముంబై బస్సు ఎక్కుతున్న మన పాలమూరు పిల్లలకు పని దొరుకుతుందా? నలుగురికీ సమానంగా సమయం ఇస్తాను. మేడమ్, మీతో మొదలుపెడదాం. రెండు నిమిషాలు.

ఎకనామిక్స్ లెక్చరర్: థ్యాంక్యూ. ముందు తేదీలు చెప్తాను, లేకపోతే అందరం కలిపేసి మాట్లాడతాం. బయటి సరుకుకు అడ్డంగా మొదటి గోడ 2018 జూలై 30న లేచింది, సేఫ్‌గార్డ్ సుంకం. దిగుమతులు ఒక్కసారిగా పెరిగి మన ఫ్యాక్టరీలు దెబ్బతింటుంటే కొన్నాళ్ళు వేసేది అది. మొదటి ఏడాది 25 శాతం, తర్వాత 20, తర్వాత 15. ఇంకో ఏడాది పొడిగించారు, 2021 జూలైతో అయిపోయింది. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 1 వరకు సుంకం లేదు. ఆ సందులో దిగుమతిదారులు గోదాములు నింపుకున్నారు. ఏప్రిల్ 1 నుంచి మాడ్యూల్, అంటే పూర్తి ప్లేటు మీద 40 శాతం, సెల్ మీద 25 శాతం...

ఫ్యాక్టరీ యజమాని: మేడమ్, 2018 దగ్గర ఒక్క మాట. మీరు 25 శాతం అని తేలిగ్గా...

లెక్చరర్: నేను ఇంకా...

ఫ్యాక్టరీ యజమాని: ఒక్క మాట, ఒక్కటే. ఆ 25 శాతం ఎవరి మీద పడిందో తెలుసా? మా మీద పడింది! అప్పట్లో మన దేశంలో చాలా సెల్, మాడ్యూల్ ఫ్యాక్టరీలు ఎస్ఈజెడ్‌లలో, అంటే ఎగుమతుల కోసం పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండళ్ళలో ఉండేవి. ఎస్ఈజెడ్ నుంచి బయట దేశంలోకి అమ్మితే అది దిగుమతి కింద లెక్క. రంగారెడ్డి జిల్లాలో కూర్చుని మహబూబ్‌నగర్‌కు అమ్మినా సుంకం కట్టాలి. చైనా వాడికి ఎంతో మాకూ అంతే. దాన్ని రక్షణ అంటారా? ఇంకా వెనక్కి పోండి. 2014లో యాంటీ డంపింగ్ సుంకం, అంటే బయటివాళ్ళు మరీ తక్కువకు పడేసే సరుకు మీద వేసేది, వేయమని వాణిజ్య శాఖే సిఫార్సు చేసింది. ఆర్థిక శాఖ నోటిఫై చేయలేదు. ఆగస్టులో గడువు దాటిపోయింది, మురిగిపోయింది. ఆ తర్వాతి నాలుగేళ్ళలో ఎన్ని లైన్లు మూతపడ్డాయో నా కళ్ళతో చూశాను. లామినేటర్ మిషన్లను పాత ఇనుము ధరకు అమ్ముకున్నవాళ్ళు నా దోస్తులు.

మోడరేటర్: చాలా బాధాకరం. అప్పుడు ఎంతమంది పని పోయింది? మన జిల్లా వాళ్ళు ఉన్నారా?

ఫ్యాక్టరీ యజమాని: ఉన్నారన్నా, ఎందుకు లేరు! కానీ ముందు అసలు విషయం చెప్పనివ్వండి. ఇసుక నుంచి ప్లేటు దాకా ఐదు మెట్లు. శుద్ధి చేసిన పాలీసిలికాన్, దాన్ని కరిగించి పోసిన ఇంగాట్ దిమ్మ, దాన్ని పలుచగా కోసిన వేఫర్ బిళ్ళ, దాంతో చేసే సెల్, సెల్స్ కలిపిన మాడ్యూల్. ప్రతి మెట్టులోనూ ప్రపంచంలో 80 శాతానికి పైగా చైనాదే. వాళ్ళు అవసరానికి రెండింతలు తయారు చేసి, మిగిలింది పడేసినట్టు అమ్ముతారు. 2024లో వాట్ పది సెంట్ల దాకా దిగజార్చారు. అది ఖర్చు కన్నా తక్కువ. దాంతో పోటీ పడమంటే పసిపిల్లను పహిల్వాన్‌తో కుస్తీకి దింపినట్టే.

లెక్చరర్: నా రెండు నిమిషాలు...

మోడరేటర్: వస్తాను మేడమ్, తప్పకుండా వస్తాను. కాంట్రాక్టర్ గారు, మీరు ఇళ్ళ మీద బిగిస్తారు కదా. ఈ గోడ వల్ల మీకు ఏం జరిగింది?

కాంట్రాక్టర్: సార్, నాకు ఇసుక, ఇంగాట్ తెలియదు. నా ముందు రెండు రకాల ప్లేట్లు ఉంటాయి. ఒకటి డీసీఆర్, అంటే సెల్ కూడా ఇక్కడ తయారైంది. రెండోది నాన్ డీసీఆర్, అంటే ప్లేటు ఇక్కడ కలిపిందే కానీ లోపలి సెల్ బయటిది. ధర నెలనెలా మారుతుంది. నేను కొన్న బిల్లుల్లో వాట్‌కు ఎనిమిది రూపాయల దాకా తేడా చూశాను. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ కావాలంటే డీసీఆర్‌దే బిగించాలి. మూడు కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ వస్తుంది. మూడు వేల వాట్లను ఎనిమిదితో లెక్కేయండి. 24 వేలు. అంటే ఇంటాయన చేతికి వచ్చిన 78 వేలల్లో 24 వేలు ప్లేటు ధరలోనే పోతున్నాయి.

ఫ్యాక్టరీ యజమాని: అదెలా? ఆ లెక్క తప్పు.

కాంట్రాక్టర్: ఏం తప్పు సార్? గుణకారమే కదా.

ఫ్యాక్టరీ యజమాని: సబ్సిడీ ఎవరి పైసలు? దేశం పైసలు. దేశం పైసలు దేశంలో ఫ్యాక్టరీకే పోతే తప్పేంటి? చైనాకు పోవాలా? చెప్పండి, చైనాకు పోవాలా?

[ఇక్కడ ముగ్గురు ఒకేసారి మాట్లాడారు. కొన్ని సెకన్లు ఏమీ వినపడదు.]

రైతు నాయకుడు: ...జర నన్ను మాట్లాడనియ్యండి. పొద్దున నల్గొండ అవతల నుంచి బస్సెక్కి వచ్చిన. ఇంతసేపూ గోడ గోడ అంటున్నారు కదా సేటు. మా పత్తికి ఒక గోడ ఉండేది. బయటి దేశం పత్తి మీద 11 శాతం సుంకం. పోయిన ఏడాది ఆగస్టు 19న దాన్ని ఎత్తేసిండ్రు. సెప్టెంబర్ దాకనే అన్నరు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించిండ్రు. మా పత్తి ఇంటికి వచ్చేది ఎప్పుడు? ఆ అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లోనే. మద్దతు ధర 8,110 అని కాగితం మీద ఉంది. కొనుగోలు కేంద్రానికి పోతే తేమ 12 శాతం దాటిందని వెనక్కి పంపిండ్రు. ఫోన్‌లో యాప్‌ల స్లాట్ బుక్ చేసుకోమన్నరు. నా దగ్గర బటన్ల ఫోను. చివరికి దళారికే తక్కువకు ఇచ్చి వచ్చిన.

మోడరేటర్: పెద్దాయనా, మనం సోలార్ గురించి...

రైతు నాయకుడు: సోలార్ గురించే చెప్తున్న. ప్లేటు కొనేటప్పుడు నా ముందు 40 శాతం గోడ. పత్తి అమ్మేటప్పుడు నా వెనక గోడ కూలగొట్టిండ్రు. కొనే కాడ గోడ, అమ్మే కాడ గేటు బార్లా. సేటుకు ఉల్టా. సెల్ కొనే కాడ గేటు తెరవాలి, ప్లేటు అమ్మే కాడ గోడ కట్టాలి. అవునా, కాదా?

[స్టూడియోలో ఉన్న పది, పదిహేను మంది చప్పట్లు కొట్టారు. నాకు ఈ గంటలో గుర్తుండిపోయిన మాట ఇదే. కానీ దీని మీద తర్వాత ఒక్కరూ నిలబడి జవాబు చెప్పలేదు.]

ఫ్యాక్టరీ యజమాని: కాకా, మీ బాధ నా బాధే. నేనూ రైతు బిడ్డనే, మాది కల్వకుర్తి దగ్గర. పత్తి సుంకం ఎత్తేయడం తప్పు అని నేనూ అంటాను. అంటే ఏం అర్థమైంది? గోడ తీస్తే రైతు నష్టపోయాడు. అందుకే గోడ ఉండాలి! మీరే నా వాదన చెప్పారు.

రైతు నాయకుడు: నేను చెప్పింది అది కాదు...

మోడరేటర్: అంటే రక్షణ అవసరమే అని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. బాగుంది.

రైతు నాయకుడు: నేను ఎక్కడ ఒప్పుకున్న?

మోడరేటర్: మేడమ్, మీ దగ్గరకు వస్తాను. ఉద్యోగాల కోణంలో చెప్పండి. దివిటిపల్లిలో అమరరాజా వాళ్ళు లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో పునాది వేశారు. 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. మన కళ్ళ ముందే. సోలార్‌లోనూ అలా జరగాలంటే గోడ ఉండాలి కదా?

లెక్చరర్: ఉద్యోగాల దగ్గరకు వస్తాను, కానీ ముందు ఆగిపోయిన దగ్గర మొదలుపెడతాను. గోడ పని చేసిందా అంటే, ఒక మెట్టులో చేసింది. నేను కాదనను. 2014లో దేశం మొత్తానికి మాడ్యూల్ తయారీ సామర్థ్యం 2.3 గిగావాట్లు. గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు. 2025 ఆగస్టుకు కేంద్రం ఆమోదించిన లిస్టులో ఉన్న సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది. ఇది చిన్న విషయం కాదు.

ఫ్యాక్టరీ యజమాని: విన్నారా? మేడమే చెప్పారు!

లెక్చరర్: పూర్తిగా వినండి సార్. 2025 మార్చి లెక్క చూడండి. మాడ్యూల్ 74 గిగావాట్లు, సెల్ 25. సెల్ మాడ్యూల్‌లో మూడో వంతు. వేఫర్ చాలా కొద్ది. పాలీసిలికాన్ లేదనే చెప్పాలి. ఎందుకు? మాడ్యూల్ మీద 40 పెట్టి సెల్ మీద 25 పెడితే, వ్యాపారి ఏం చేస్తాడు? సెల్ తెచ్చుకుని ఇక్కడ అతికిస్తాడు. గ్లాసు, ఈవీఏ షీటు, ఫ్రేము, జంక్షన్ బాక్సు పెట్టి లామినేట్ చేస్తాడు. అది పనే, నేను చిన్నచూపు చూడటం లేదు. కానీ ప్లేటు ఖరీదులో పెద్ద వాటా సెల్‌దే. ముందు తలుపుకు తాళం వేసి, వెనక తలుపు నుంచి అదే చైనా సరుకు తెచ్చుకుంటున్నాం. 2025 బడ్జెట్‌లో పేర్లు మార్చారు. మాడ్యూల్ మీద సుంకం 20 చేసి, పైన 20 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు వేశారు. మొత్తం అదే 40. సెల్ మీద 20కి ఏడున్నర కలిపి...

రైతు నాయకుడు: ఆగండి, ఆగండి. ఏం సెస్సు?

లెక్చరర్: వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు.

రైతు నాయకుడు: సోలార్ ప్లేటు మీద వ్యవసాయం సెస్సా? ఆ పైసలు మా ఊళ్ళో గోదాముకు వచ్చినాయా? మా మార్కెట్ యార్డులో షెడ్డు లేక వడ్లు వానకు తడిసి మొలకలొచ్చినాయి. మా పేరు మీద వసూలు చేసి...

ఫ్యాక్టరీ యజమాని: అది వేరే డిబేట్ కాకా.

రైతు నాయకుడు: నాకు అదే డిబేట్! మా పేరు పెట్టిండ్రు కదా. 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసిండ్రు. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు ఆగినాయి. ఏడాది తర్వాత పదికి తగ్గించి, 2024 అక్టోబర్‌లో తీసేసిండ్రు. గోడ పెట్టేది వాళ్ళే, తీసేది వాళ్ళే, మమ్మల్ని అడిగేది ఎప్పుడు?

[ఇక్కడ ఆరు నిమిషాలు బియ్యం, మిల్లులు, తరుగు మీదే చర్చ నడిచింది. మిల్లర్ల సంగతి నిజంగా పెద్దదే. కానీ ఇక్కడ వదిలేస్తున్నాను.]

మోడరేటర్: మళ్ళీ సోలార్‌కు వద్దాం. సార్, మీరు చెప్పండి. మీ ఫ్యాక్టరీలో మన పాలమూరు, నల్గొండ పిల్లలు ఎంతమంది?

ఫ్యాక్టరీ యజమాని: అన్నా, సంఖ్య కన్నా ముఖ్యం ఏంటంటే, నైపుణ్యం. ఐటీఐ చేసిన పిల్ల సెల్స్‌ను వరుసగా కలిపే స్ట్రింగర్ మిషన్ నడుపుతోంది. ఒకప్పుడు రావిర్యాల ఫ్యాబ్ సిటీకి చిప్పులు వస్తాయన్నారు. చిప్పులు రాలేదు. వచ్చింది ఎవరు? సోలార్ వాళ్ళు. ఇవాళ మహేశ్వరం వైపు పోయి చూడండి, మన హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ సెల్స్ తయారు చేస్తోంది. 1995లో మొదలై 2024లో షేర్ మార్కెట్‌కు వచ్చింది. గోడ లేకపోతే ఇది జరిగేదా?

మోడరేటర్: గర్వపడాల్సిన విషయం. కానీ సంఖ్య?

ఫ్యాక్టరీ యజమాని: చెప్తాను, చెప్తాను. ముందు నేషనల్ సెక్యూరిటీ గురించి మాట్లాడాలి. రేపు చైనా సరుకు ఆపేస్తే? ఎరువుల విషయంలో, రేర్ ఎర్త్ అయస్కాంతాల విషయంలో 2025లో ఏం జరిగిందో చూశాం. కరెంటు దేశానికి ప్రాణం. ప్రాణాన్ని పరాయివాడి చేతిలో పెడతామా?

కాంట్రాక్టర్: సార్, ఒక్కటి అడగనా? మీరు ప్లేటులో వేసే సెల్ ఎక్కడిది?

ఫ్యాక్టరీ యజమాని: మా ప్రొడక్ట్ మిక్స్‌లో...

కాంట్రాక్టర్: లేదు సార్, ఎక్కడిది?

ఫ్యాక్టరీ యజమాని: డీసీఆర్ ఆర్డర్లకు దేశంలోది. మిగతావాటికి... చూడండి, దేశంలో సెల్ దొరకాలి కదా! పెద్ద కంపెనీలు సెల్ తయారు చేసి తమ ప్లేట్లకే వాడుకుంటున్నాయి. మాలాంటి చిన్న, మధ్య ఫ్యాక్టరీకి అమ్మితే వాళ్ళు చెప్పిందే ధర. అందుకే తేదీని ఇంకొంచెం పొడిగించమంటున్నాం. సెల్ లైన్‌కు లోను ప్రాసెస్‌లో ఉంది. సెల్ ఫ్యాక్టరీ అంటే మాడ్యూల్ లైన్ కాదు. క్లీన్ రూము కావాలి, గ్యాసులు కావాలి, నీళ్ళు కావాలి, పెట్టుబడి ఎన్నో రెట్లు. రెండేళ్ళు పడుతుంది.

లెక్చరర్: అంటే మాడ్యూల్‌కు గోడ ఉండాలి, సెల్‌కు గోడ ఆగాలి.

ఫ్యాక్టరీ యజమాని: గోడ వద్దనలేదు. దశలవారీగా అంటున్నాను.

లెక్చరర్: సార్, పన్నెండు ఏళ్ళ కింద సెల్ తయారు చేసేవాళ్ళు సుంకం అడిగితే, ప్లాంట్లు కట్టేవాళ్ళు సరిగ్గా ఇదే మాట అన్నారు. "దేశంలో చాలినంత దొరకదు, దశలవారీగా పెట్టండి" అని. అప్పుడు మీరు వాళ్ళను దేశద్రోహులన్నట్టు మాట్లాడారు. ఇప్పుడు...

ఫ్యాక్టరీ యజమాని: నేను ఎవరినీ దేశద్రోహి అనలేదు! మేడమ్, ఇది అన్యాయం. మాట వెనక్కి తీసుకోండి. నేను ఇల్లు తాకట్టు పెట్టి ఫ్యాక్టరీ నడుపుతున్నాను. మీరు క్లాస్‌రూమ్‌లో కూర్చుని...

మోడరేటర్: సార్, సార్. మేడమ్, వ్యక్తిగతంగా వద్దు.

లెక్చరర్: నేను వాదన గురించే అన్నాను. సరే, మనసు నొప్పిస్తే సారీ.

[దీని తర్వాత మేడమ్ గొంతు తగ్గింది. రికార్డింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. ఆమె అడిగిన ప్రశ్న సరైనదే అని నా నమ్మకం. మా మోడరేటర్ దాన్ని పట్టుకోవాల్సింది.]

మోడరేటర్: బ్రేక్ తర్వాత కలుద్దాం.

[ప్రకటనలు]

మోడరేటర్: తిరిగి స్వాగతం. మేడమ్ చేనేత గురించి ఏదో చెప్తానన్నారు బ్రేక్‌లో.

లెక్చరర్: అవును, మన ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉదాహరణ. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట. చేనేతకు 1985లోనే కేంద్రం చట్టం చేసింది. ఫలానా రకాలు మగ్గం మీదే నేయాలి, పవర్‌లూమ్ నేయకూడదు అని. మొదట 22 రకాలు, తర్వాత 11కి తగ్గించారు. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతం సరుకే అనే ముద్ర కూడా వచ్చింది. అయినా పోచంపల్లి డిజైన్ ప్రింట్ చేసిన చీర ఏ బజార్‌లో దొరకదు చెప్పండి? గోడ కాగితం మీద ఉంది. కాపలా లేదు. నూలు, రంగుల ధర మీద నేతన్నకు పట్టు లేదు. ఒక్క చివరి సరుకుకు గోడ కడితే సరిపోదు, ముడిసరుకు దగ్గర నుంచి...

ఫ్యాక్టరీ యజమాని: వంద శాతం కరెక్ట్! కాపలా ఉండాలి. ఏఎల్‌ఎంఎం లిస్టు, అదే కేంద్రం ఆమోదించిన లిస్టు అంటే ఆ కాపలాయే. ఫ్యాక్టరీకి వచ్చి చూసి లిస్టులో పెడతారు. అందుకే 2021లో మొదటి లిస్టు వచ్చినప్పుడు అందులో విదేశీ కంపెనీ ఒక్కటి లేదు. కానీ ఏం చేశారు? 2023-24 ఏడాదంతా దాన్ని పక్కన పెట్టారు. ఆ ఒక్క ఏడాదిలో సరుకు వరదలా వచ్చింది. 2024 ఏప్రిల్ 1న మళ్ళీ తెచ్చారు. గేటు తీయడం, వేయడం. ఇలా అయితే బ్యాంకు లోను ఎవడిస్తాడు?

కాంట్రాక్టర్: కానీ ఇప్పుడు మీరే తేదీ మార్చమంటున్నారు కదా సార్.

ఫ్యాక్టరీ యజమాని: అది వేరు!

కాంట్రాక్టర్: ఎట్లా వేరు?

ఫ్యాక్టరీ యజమాని: తమ్ముడూ, నువ్వు సరుకు కొని బిగించేవాడివి. నీకు ఎవరిది తక్కువైతే అది. మాకు అలా కాదు.

కాంట్రాక్టర్: నాకు తక్కువ ధర ఒక్కటే కాదు సార్. వారంటీ ఉంది. పాతికేళ్ళ వారంటీ కాగితం ఇస్తారు. కంపెనీ పదేళ్ళు ఉంటుందో లేదో తెలియదు. ఊళ్ళో జనం నా గల్లా పట్టుకుంటారు, మిమ్మల్ని కాదు. ఇక్కడ ఫ్యాక్టరీ ఉంటే నాకూ మంచిదే. నేను దేశీ ప్లేటు వద్దనడం లేదు. ధర ఎప్పటికి దిగుతుందో చెప్పండి అంటున్నాను. జీఎస్టీ పోయిన సెప్టెంబర్‌లో 12 నుంచి 5కి తగ్గించారు. నాలుగు రోజులు జనం ఫోన్ చేశారు. తర్వాత డీసీఆర్ రేటు చూసి మళ్ళీ ఆగారు.

మోడరేటర్: మీ దగ్గర ఎంతమంది పని చేస్తారు?

కాంట్రాక్టర్: పన్నెండు మంది. అందరూ ఈ చుట్టుపక్కల వాళ్ళే. ఇద్దరు పూణేలో సెంట్రింగ్ పని వదిలి వచ్చారు. సార్, మీరు ఇందాకటి నుంచి ఉద్యోగాలు ఉద్యోగాలు అంటున్నారు కదా. ఫ్యాక్టరీలో ఎక్కువ పని మిషన్లు చేస్తాయి. స్ట్రక్చర్ మోయడం, డ్రిల్ వేయడం, వైరింగ్, ఎర్తింగ్, నెట్ మీటర్ కోసం కరెంటాఫీసు చుట్టూ తిరగడం, ఇవన్నీ మనుషులే చేయాలి. ప్లేటు ధర పెరిగి బిగించేవాళ్ళు తగ్గితే ఆ పన్నెండు మందిలో ఐదుగురిని నేనే ఇంటికి పంపాలి. అప్పుడు వాళ్ళు ఎక్కేది మీరు చెప్పిన ముంబై బస్సే.

మోడరేటర్: అంటే ఫ్యాక్టరీలు వస్తే పన్నెండు మంది వందల మంది అవుతారు. సార్, అంతే కదా?

ఫ్యాక్టరీ యజమాని: వందలేంటన్నా, వేలల్లో! మొత్తం చైన్ ఇక్కడికి వస్తే.

మోడరేటర్: వేలల్లో ఉద్యోగాలు. ప్రేక్షకులు గమనించాలి.

[సంఖ్య అంటూ వచ్చింది ఇదొక్కటే. "చైన్ వస్తే" అన్న షరతు స్క్రోలింగ్‌లో పడలేదు. "పాలమూరుకు వేల ఉద్యోగాలు" అని మాత్రం పడింది.]

లెక్చరర్: చిన్న సవరణ. 100 గిగావాట్ల మాడ్యూల్ సామర్థ్యం అన్నాను. 2024-25లో దేశమంతా కలిపి బిగించింది సుమారు 24 గిగావాట్లు. మిగతా సరుకు ఎవరు కొనాలి? ఎక్కువగా అమెరికా కొనేది. 2025 ఆగస్టులో అమెరికా మన ప్లేట్ల మీదే డంపింగ్, సబ్సిడీ విచారణ మొదలుపెట్టింది. మనం చైనాను ఏమన్నామో వాళ్ళు మనల్ని అదే అంటున్నారు. యూరప్ 2013 నుంచి 2018 దాకా చైనా ప్లేట్ల మీద గోడ కట్టింది. గోడ ఉండగానే 2017లో జర్మనీ సోలార్‌వరల్డ్ దివాలా తీసింది. గోడ సమయం కొంటుంది. ఆ సమయంలో ఖర్చు తగ్గించుకోవాలి, వేఫర్ దాకా వెళ్ళాలి. కాబట్టి నేను అడిగేది ఒక్కటే, ఈ గోడకు చివరి తేదీ ఏది? ఏ ఏడాదికి ఎంత ధరకు దిగుతారు? వేఫర్ల లిస్టుకు 2028 జూన్ అన్నారు. దానికైనా...

ఫ్యాక్టరీ యజమాని: అమెరికా చేసింది పచ్చి అన్యాయం. మనం నష్టానికి అమ్మడం లేదు. మాకు చైనా లాగా ప్రభుత్వం ఊరికే భూమి, కరెంటు ఇవ్వడం లేదు.

లెక్చరర్: పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం, రెండు విడతలు, 4,500 కోట్లు, 19,500 కోట్లు...

ఫ్యాక్టరీ యజమాని: అది ఎవరికి వచ్చింది మేడమ్? పెద్దవాళ్ళకు. మాకు ఒక్క రూపాయి రాలేదు. రాసిస్తాను.

లెక్చరర్: అయితే గోడ కూడా పెద్దవాళ్ళకే ఉపయోగపడుతుందని మీరే అంటున్నారు.

ఫ్యాక్టరీ యజమాని: నా మాటలు మెలిపెట్టకండి!

[మళ్ళీ గోల. రైతు నాయకుడు బల్ల మీద చేత్తో కొట్టిన చప్పుడు వినిపిస్తుంది.]

రైతు నాయకుడు: నా లెక్క ఒకటి మిగిలింది, చెప్పి పోత. రైతు పొలంలో మెగావాట్ సోలార్ పెట్టుకోమంటున్నరు. నాలుగెకరాలు ఇయ్యాలి. మెగావాట్ అంటే పది లక్షల వాట్లు. వాట్‌కు ఎనిమిది రూపాయల తేడా పడితే ఎంత? 80 లక్షలు. నేను ఏ బ్యాంకు కాడ తేవాలి? నల్లమల మాచారంలో చెంచుల భూములకు సోలార్ పంపులు ఇస్తమని పోయిన ఏడాది మేలో స్కీము మొదలుపెట్టిండ్రు. ఐదేళ్ళలో ఆరు లక్షల ఎకరాలు, 12,600 కోట్లు. మంచిదే. చెంచు బిడ్డ పొలంలో నీళ్ళు పారాలె. కానీ ప్లేటు ధర పెరిగితే అదే పైసలకు పంపులు తక్కువొస్తయి. ఎవరి పంపు తగ్గుతది? చివర ఉన్న పెంటలో, అంటే చెంచు గూడెంలో వానిదే తగ్గుతది. వాన్ని స్టూడియోకు పిలిచిండ్రా?

[కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.]

మోడరేటర్: మంచి పాయింట్. ఫోన్ కాల్ ఒకటి తీసుకుందాం. దేవరకొండ నుంచి అక్క లైన్‌లో ఉన్నారు. చెప్పండి అక్కా.

కాలర్: నమస్తే సార్. మాకు ఎండాకాలంలో నెలకు మూడు వేలు దాటుతోంది బిల్లు. మూడు కిలోవాట్లు పెట్టుకుందామని ఏడాది నుంచి అనుకుంటున్నాం. ఇప్పుడు పెట్టుకోవాలా? ఆగితే తగ్గుతుందా? జూన్ తర్వాత పెరుగుతుందా? అది చెప్పండి చాలు.

ఫ్యాక్టరీ యజమాని: అక్కా, దేశీ ప్లేటు పెట్టుకోండి. క్వాలిటీ...

కాలర్: దేశీదే పెట్టుకుంటాం అన్నా. ఎప్పుడు పెట్టుకోవాలి అని అడుగుతున్నాను.

కాంట్రాక్టర్: అక్కా, సబ్సిడీకి ఇప్పటికే డీసీఆర్‌దే పెట్టాలి కాబట్టి జూన్ రూలు మీకు కొత్తగా ఏమీ కాదు. కానీ జూన్ తర్వాత అందరూ అదే సెల్ కోసం ఎగబడతారు. అప్పుడు ధర...

మోడరేటర్: సమయం దగ్గర పడింది. ఒక్కొక్కరికీ ముప్పై సెకన్లు. సార్, మీతో మొదలుపెడదాం.

ఫ్యాక్టరీ యజమాని: ముప్పై సెకన్లలో ఏం చెప్పనన్నా. 1977లో ప్రభుత్వ కంపెనీ సీఈఎల్ దేశంలో మొదటి సోలార్ సెల్ తయారు చేసింది. చైనాలో ఇప్పుడున్న పెద్ద కంపెనీలు అప్పటికి పుట్టనే లేదు. మనం ముందు మొదలుపెట్టి ఎందుకు వెనకబడ్డాం? ఎవరూ గోడ కట్టలేదు కాబట్టి. 2010లో సోలార్ మిషన్ పెట్టి దేశీ సెల్ వాడమంటే అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోకు పోయింది, 2016లో మనం ఓడిపోయాం. మన ఇంట్లో మన సరుకు కొనుక్కోవడానికి వాళ్ళ పర్మిషనా? ఇవాళ గోడ కట్టాం, పిల్ల ఇప్పుడే నడక నేర్చుకుంటోంది, ఇప్పుడే చెయ్యి వదలమంటే ఎలా? మా ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో పిల్లలు...

[ఇక్కడి నుంచి రెండు నిమిషాల నలభై సెకన్లు ఆయనే మాట్లాడారు.]

మోడరేటర్: చాలా అద్భుతంగా చెప్పారు. మేడమ్, పది సెకన్లు.

లెక్చరర్: చివరి తేదీ ఏది అని అడిగాను. జవాబు రాలేదు.

మోడరేటర్: తప్పకుండా ఇంకో కార్యక్రమంలో మాట్లాడుకుందాం. పెద్దాయనా...

రైతు నాయకుడు: ఆ దేవరకొండ అక్కకు ఎవరూ చెప్పలే...

మోడరేటర్: సమయం అయిపోయింది. చర్చలో పాల్గొన్న...

కాలర్: హలో? సార్? నేను లైన్‌లోనే ఉన్నాను.

[సంగీతం. ప్రసారం ముగిసింది. ఆ అక్క నంబర్ మా ఆఫీసు ఫోన్‌లో ఉంది. మర్నాడు పొద్దున కాంట్రాక్టర్‌తో ఆమెకు ఫోన్ చేయించాను.]